పడే పరుపు

పోయిన ఎండాకాలం మొదలయ్యేనాటికి మా ఇంట్లో నేల కనిపించేది కాదు. అమ్మ మంచం చుట్టూ పరుపులు. మంచం దగ్గర్నుంచి బాత్రూం దాకా పరుపులు. వంటింటి గడప దగ్గర ఒకటి, పెరటి మెట్టు కింద చిన్నది ఇంకొకటి. పరుపులు కుట్టేవాడి ఇంట్లో వాటికి కరువేముంది? వడమాలపేటలో పుత్తూరు రోడ్డు పక్కన మా అంగడి, అంగడి వెనక ఇల్లు, ఇంటి వెనక దూది ఏకడానికి చెరుకాకు కప్పిన పొడుగాటి కొట్టం. మా తాత అందులోనే ఏకాడు, నాయన ఏకాడు, ఇప్పుడు నేను.

ఆ ముందు చలికాలంలో అమ్మ బట్టలుతికే బండ దగ్గర జారి పడింది. పడుతూ కుడిచెయ్యి నేలకు ఆనించింది. మణికట్టు విరిగింది. తర్వాత కట్టు విప్పేశారు, ఎముక బాగా అతికిందని తిరుపతి డాక్టరు చెప్పాడు, అయినా అమ్మ మంచం దిగడం మానేసింది. దిగాలంటే ఎవరో ఒకరు రెక్క పట్టుకోవాలి. నా భార్య గుల్నాజ్ పట్టుకునేది, లేదంటే మా అమ్మాయి సుహానా, ఇద్దరూ లేకపోతే అంగడి వదిలేసి నేను పరుగెత్తేవాణ్ని. ఎవరమూ అందకపోతే ఎలా అనే పరుపులు పరిచాను.

అంతకు ముందు మా అమ్మ గౌసియా బీని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. శుక్రవారం వచ్చిందంటే అంగట్లో మిగిలిన మంచి దూదితో చేసిన ఒత్తులు మూట కట్టుకుని బస్సెక్కి తిరుచానూరు వెళ్ళిపోయేది. అక్కడ అమ్మవారి గుడి దగ్గర అక్కమ్మ అని పూలమ్మే ఆమె ఉంది. ఇద్దరూ పెళ్ళిళ్ళు కాకముందు ఒకే వీధి పిల్లలు. అమ్మ ఒత్తులు అక్కమ్మ పూలబుట్టల పక్కన అమ్ముడుపోయేవి. అమ్మ పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుని, వచ్చేటప్పుడు మల్లెపూలు, ఊరి కబుర్లు మోసుకొచ్చేది. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయినప్పుడు ఆమె సంబరం చూడాలి. ఆ సంబరం నాలుగు నాళ్ళు అనుభవించిందో లేదో ఇలా అయింది. "గవర్మెంటోళ్ళు బస్సు ఫ్రీగా ఇచ్చినారు, నా కొడుకు మంచం ఫ్రీగా ఇచ్చినాడు" అనేది, చూడవచ్చిన వాళ్ళతో.

బడికి సెలవులిచ్చే ముందర ఒకరోజు ప్రసన్నకుమారి అనే ఆమె అంగడికి వచ్చింది. సుహానా చదివే బడిలో కొత్తగా చేరిన ఆటల టీచరు. నలభై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి, భుజాలు మాత్రం మూటలు మోసేవాళ్ళకున్నట్టు ఉన్నాయి.

"అన్నా, పరుపులు కావాల. పిల్లోళ్ళు పడేదానికి."

"పడుకునేదానికి యా సైజు కావాల మేడం?"

"పడుకునేదానికి కాదన్నా. పడేదానికి."

నాకు అర్థం కాలేదని ఆమెకు అర్థమైంది. సెలవుల్లో ఆడపిల్లలకు జూడో నేర్పుతుందట. జపాన్‌వాళ్ళ పాత కుస్తీలాంటి విద్య. చిన్నప్పుడు స్పోర్ట్స్ హాస్టల్లో ఉండి నేర్చుకుందట, తర్వాత చెన్నైలో ఒక పెద్దాయన దగ్గర ఇంకా పాత పద్ధతులు కూడా నేర్చుకుందట. మ్యాట్లు కొనడం తమ వల్ల కాదని బడివాళ్ళు అన్నారట, అందుకని నా దగ్గరకు వచ్చింది. మంచినీళ్ళు అడిగితే ఇంట్లోకి పిలిచాను. గడపలో కాలు పెట్టి ఆగిపోయింది.

"ఇదేందన్నా? అంగడి చాలక ఇంట్లో గూడా పరిచినారా?"

"మా యమ్మ పడతాదని మేడం."

ఆమె ఒక పరుపు మీద అడుగుపెట్టింది. కాలు చీలమండ దాకా దిగబడింది. రెండో కాలు పెట్టబోయి తూలి గోడ పట్టుకుంది.

"దీని మింద నేనే పడేటట్టు ఉండానే!"

మంచం మీది నుంచి అమ్మ గొంతు వినిపించింది. "నేనూ అదే సెప్తా ఉండాను తల్లీ. ఇనేవాళ్ళు యాడుండారు?"

మొదటి పరుపు నేను దూదితోనే కుట్టాను. కొట్టంలో పరిచి చూపిస్తే ప్రసన్నకుమారి దాని మీద నిలబడి, ఏమీ చెప్పకుండానే పక్కకు పడింది. ఢామ్మని శబ్దం. గుల్నాజ్ కేక పెట్టింది. నేను పరుగెత్తాను. ఆమె చెయ్యంతా పరుపు మీద చరిచిన శబ్దమది. లేచి మోచెయ్యి చూసుకుని తల అడ్డంగా ఊపింది.

"మునిగిపోతా ఉండాదన్నా. ఇది సుఖానికి చేసిన పరుపు. జపాన్‌లో వరిగడ్డితో చేస్తారు, తతామి అంటారు. గడ్డిని బిగించి బిగించి గట్టిగా చేస్తారు. పడితే దెబ్బ తగలగూడదు, అట్లని మునగా గూడదు."

"వరిగడ్డా! మా ఊర్లో గొడ్లు గూడా దాన్ని చూసి మొగం తిప్పుకుంటాయే" అన్నాను.

కానీ పని పట్టుకున్నాక వదలబుద్ధి కాలేదు. పక్క రైతు దగ్గర గడ్డి తెచ్చాను. వరసలు వరసలుగా పరిచి, తడిపి, పైన బండలు పెట్టి అణచి, ఎండబెట్టి, గోనెపట్టల మధ్య వేసి దబ్బనంతో దగ్గర దగ్గరగా కుట్టాను. పైన వేలెడు మందం దూది, ఆపైన కాన్వాసు గుడ్డ. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ మెత్తదనం కోసం పనిచేసినవాణ్ని, గట్టిదనం కోసం చెమటలు కార్చడం నాకే నవ్వొచ్చింది. ప్రసన్నకుమారి వచ్చి మళ్ళీ ఢామ్మని పడింది. ఈసారి లేచి నవ్వింది. "ఇది పడే పరుపు."

బడి హాలు రేకులది, ఏప్రిల్‌లో అందులో కూర్చుంటేనే ఒళ్ళు ఉడికిపోతుంది. మా కొట్టం చల్లగా ఉంటుందని పొద్దున్నే పిల్లలను అక్కడికే తీసుకొచ్చింది. సుహానాతో కలిపి గుప్పెడు మంది ఆడపిల్లలు. మా సుహానా ఆశ వేరు. బస్టాండులో వెకిలిమాటలు మాట్లాడేవాళ్ళను భుజం మీదుగా ఎత్తి కుదెయ్యాలని. వారం గడిచినా మేడం ఎత్తడం గురించి మాటెత్తలేదు. పడడం, పడడం, పడడం. వెనక్కి పడడం, పక్కకు పడడం, భుజం మీద దొర్లి లేవడం.

"ఎప్పుడు మేడం కొట్టేది నేర్పిస్తారు?" అని సుహానా అడిగేసింది.

ప్రసన్నకుమారి దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. "నేర్పిస్తాలే. పట్టుకుంటే ఎట్ల విడిపించుకోవాల, ఎట్ల తోసి పరిగెత్తాల, అన్నీ నేర్పిస్తా. కానీ ఒగటి విను. నా దగ్గర ఇన్నేండ్లుగా నేర్చుకున్నోళ్ళలో ఒగరిని కొట్టాల్సిన అవసరం వచ్చినోళ్ళు చాలా తక్కువ. కింద పడనోళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. బండి మింద నుంచి పడినోళ్ళుండారు, మిద్ది మెట్ల మింద పడినోళ్ళుండారు. దెబ్బ తగలకుండా పడేదాన్ని ఉకెమి అంటారు. ప్రాణం కాపాడే విద్య ఇదే. తక్కినవన్నీ దీని తర్వాత."

అమ్మ మంచం అప్పటికి కొట్టం వాకిట్లోకి మారింది. ఇంట్లో ఉక్క భరించలేనంటే నేనే తెచ్చి వేశాను. కాలక్షేపానికి పిల్లల ఆట చూస్తుందిలే అనుకున్నాను. ఆమె ఆటలా చూడలేదు. పిల్లలు పడుతుంటే ఆమె గడ్డం కూడా గుండెకు ఆనేది. వాళ్ళు చెయ్యి చరిస్తే ఆమె చెయ్యి మంచంపట్టె మీద చరిచేది. నాలుగైదు రోజులయ్యాక కేకలు మొదలుపెట్టింది.

"ఏయ్ పాపా, నీలం గౌనూ! తల యెనక్కి పోతా ఉండాది. నీ బొడ్డు సూస్కో, బొడ్డు!"

మేడం చెప్పే మాటలే. పడేటప్పుడు గడ్డం గుండెకు ఆనించి బొడ్డు వైపు చూస్తే తల నేలకు తగలదట. చేతిని ఊతంగా నేలకు ఆనించకుండా, మోచేతి నుంచి అరచెయ్యి దాకా చదునుగా చరిస్తే ఎముక విరగదట.

ఒకరోజు పిల్లలు వెళ్ళిపోయాక అమ్మ ప్రసన్నకుమారిని పిలిచింది. "తల్లీ, ఇంతకాలం బతికినా, నడిసేది నేర్పించినారు, వంట నేర్పించినారు, ఖురాన్ ఓదేది నేర్పించినారు. పడేది ఎవురూ నేర్పించలేదు. నాకు నేర్పిస్తావా?"

నేను దబ్బనం కింద పడేశాను. "అమ్మా, నీకేమన్నా పిచ్చా? ఒగసారి ఇరగ్గొట్టుకున్నది చాలదా?"

"నేను మేడంతో మాట్లాడతా ఉండాను."

ప్రసన్నకుమారి నా మొహం చూసింది, అమ్మ మొహం చూసింది. "డాక్టర్ని అడిగి రండన్నా. ఆయన ఒప్పుకుంటేనే."

డాక్టరు వద్దంటాడనే ధైర్యంతోనే తీసుకెళ్ళాను. ఆయన ఎక్స్‌రే తీయించి, చెయ్యి అటూ ఇటూ తిప్పి, "మంచానికి అతుక్కుపోనియ్యొద్దని నేను అప్పుడే చెప్పినా కదప్పా. ముందు నడిపించండి. నేల దగ్గర్నుంచి మెల్లిగా చేయిస్తానంటే నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. గెలిచినవాళ్ళు మాట్లాడాల్సిన పనేముంది?

మర్నాడు పొద్దున కొట్టంలో పరుపు మీదికి అమ్మను తీసుకొచ్చాం. ఆమె నిలబడింది, చుట్టూ చూసింది, వేళ్ళు నా చొక్కాను గట్టిగా పట్టుకున్నాయి. నోటికి వచ్చినంత ధైర్యం కాళ్ళకు రాలేదు.

"వలీ, నువ్వు ముందు పడు."

"నేనెందుకు మా?"

"నువ్వు పడితే నేను పడతా."

అలా మొదలైంది. నేను బరువైన మనిషిని. మొదటిసారి దూదిమూట జారినట్టు కింద పడ్డాను. పడుతూ అలవాటుగా చెయ్యి నేలకు ఆనించాను.

"సెయ్యి సాసద్దు!" అమ్మ అరిచింది. "సెయ్యి సాసే కదరా నేను ఇరగ్గొట్టుకున్నది! మళ్ళా పడు!"

మళ్ళీ పడ్డాను. తల వెనక్కి పోయిందంది. మళ్ళీ పడ్డాను. చప్పుడు సరిగా రాలేదంది. ప్రసన్నకుమారి పక్కన నిలబడి నవ్వు దాచుకోవడానికి తలుపు వైపు తిరిగింది. గుల్నాజ్ దాచుకోలేదు. రోజూ పొద్దున్నే ఇదే వరస. అమ్మ ఒకసారి చెయ్యాలంటే నేను పదిసార్లు చెయ్యాలి. నన్ను పడేయడంలో ఆమెకు ఎంత సంతోషం కలిగేదో, చిన్నప్పుడు నేను పెట్టిన బాధలన్నీ గుర్తు చేసుకుని మరీ కేకలు వేసేది.

ఆమె పాఠం నేల దగ్గర మొదలైంది. పరుపు మీద వెల్లకిలా పడుకుని తల కొంచెం ఎత్తి చెయ్యి చరచడం. తర్వాత కూర్చుని పక్కకు ఒరిగిపోవడం. పడ్డాక పక్కకు తిరిగి, మోకాలు మడిచి, తనకు తానుగా లేవడం. ఆ లేవడానికి మేడం ఎక్కువ రోజులు తీసుకుంది. "పడేది సగమేనమ్మా. మిగతా సగం ఇదే" అనేది.

ఒకరోజు పొద్దున గుల్నాజ్ ఇంట్లో పరుపులన్నీ ఎత్తి అంగట్లోకి మోస్తూ కనిపించింది.

"ఎవరు తీయమనింది?"

"అత్త తీయమనింది. పరుపుల మింద కాలు మడత పడతా ఉండాదంట. నేల మింద నడుస్తానంటా ఉండాది."

అమ్మ గోడ పట్టుకుని వంటింటి దాకా నడిచింది. తర్వాత్తర్వాత గోడ కూడా వదిలేసింది. సంగటి తానే కెలుకుతానని గుల్నాజ్ చేతిలో తెడ్డు లాక్కుంది. సుహానాను వెంటబెట్టుకుని వీధి చివరి దాకా పోయి వచ్చింది. ఇల్లు ఇల్లులా అయింది. నేను దాన్ని చూసి సంతోషించాలి. సంతోషించాను కూడా, కానీ ఆమె లేచిన ప్రతిసారీ నా చేతిలో పని ఆగిపోయేది.

మే నెల చివర ఆ సంఘటన జరిగింది. మోకాళ్ళ మీద నిలబడి పక్కకు పడడం నేర్చుకుంటోంది అమ్మ. కొంగు మోకాలి కింద చిక్కుకుంది. ఆమె అనుకున్న వైపు కాకుండా ఇంకో వైపు పడింది. సగం ఒళ్ళు పరుపు మీద, మోచెయ్యి మట్టినేల మీద. నెత్తురు కనిపించింది. అంతే, నేను ఏం మాట్లాడానో నాకే తెలియదు. మేడం మీద అరిచాను, సుహానా మీద అరిచాను, గడ్డి పరుపులను లాగి మూలకు పడేశాను.

"పిల్లోళ్ళకు నేర్పించుకోండి మేడం. మా యమ్మకు వద్దు. ఇంక వద్దు."

ప్రసన్నకుమారి "మీ ఇష్టమన్నా" అంది. వెళ్ళేముందు మాత్రం ఆగింది. "మీరు అరస్తా ఉన్నప్పుడు అమ్మ తనకు తానే లేచి నిలబడింది. చూసినారా?"

నేను చూడలేదు. చూసేసరికి అమ్మ మంచం మీద కూర్చుని కొంగుతో మోచెయ్యి తుడుచుకుంటోంది. గీరుకుపోయిన తోలు తప్ప ఇంకేం లేదు.

ఆ తర్వాత ఇంట్లో చప్పుడు తగ్గిపోయింది. అమ్మ నాతో పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే బాగుండేది. పెట్టింది తిని, మంచం మీద అటు తిరిగి పడుకునేది. వంటింటికి రావడం మానేసింది. అక్కమ్మ ఫోను చేస్తే "రాలేనులే అక్కా" అని పెట్టేసేది.

ఒకరోజు గుల్నాజ్ దిండు గలీబులు కుడుతూ, తల ఎత్తకుండానే అంది. "నువ్వు ఆయమ్మకు కాపలా కాయడంలే. నీ బయానికి కాపలా కాస్తా ఉండావు."

"మళ్ళీ పడితే?"

"పడితే లేస్తాది. లేచేది నేర్చుకునింది కదా. నేర్చుకోనోడివి నువ్వు."

మిషను చప్పుడు మళ్ళీ మొదలైంది.

జూన్ మొదట్లో ఒక శుక్రవారం. మసీదుకు పోయి జుమ్మా నమాజు చేసి ఇంటికి వచ్చాను. అమ్మ మంచం మీద లేదు. కొట్టంలో లేదు, బాత్రూంలో లేదు. గుల్నాజ్ అంగట్లో కూర్చుని ఎవరికో పరుపు గుడ్డ చూపిస్తోంది.

"అమ్మ యాడ?"

"తిరుచానూరు పోయింది."

"ఎవరితో?"

"ఒగతే. నేనే బస్సెక్కించినా. సీటు గూడా దొరికింది."

గుల్నాజ్ గుడ్డ మడుస్తూ నన్ను నేరుగా చూసింది. "నిన్ను అడిగింటే పంపిస్తా ఉంటివా?"

నేను టీవీఎస్ బండి తీశాను. హెల్మెట్ ఇంట్లోనే ఉండిపోయింది. బస్సు మెట్టు ఎంత ఎత్తుంటుందో, తిరుచానూరు క్రాసులో దిగి ఆటో ఎక్కేచోట ఎంత రద్దీగా ఉంటుందో, శుక్రవారం అమ్మవారి గుడి దగ్గర జనం ఎలా తోసుకుంటారో, అన్నీ కళ్ళముందే కనిపిస్తున్నాయి. ప్రతి దృశ్యంలోనూ అమ్మ పడిపోతూనే ఉంది. బండి ఎంత పోగలదో అంత వేగంగా పోయాను.

అది మామిడికాయల కాలం. తోతాపురి కాయలు నింపుకున్న ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీలకు వరసగా పోతుంటాయి. మలుపు దగ్గర ఏదో ట్రాక్టరు నుంచి కాయలు రాలి, వాటి మీద లారీలు నడిచి, రోడ్డంతా పచ్చటి గుజ్జయి ఉంది. నేను చూసేసరికే దాని మీదున్నాను. బ్రేకు పట్టాను. ముందుచక్రం పక్కకు పోయింది. బండి ఒకవైపు, నేను ఒకవైపు.

మధ్యలో ఏం జరిగిందో నాకు గుర్తులేదు. మొదట తెలిసింది నా ఎడమచెయ్యి మోచేతి దగ్గర్నుంచి అరచెయ్యి దాకా తారు మీద చరిచిన శబ్దం. తర్వాత ఆకాశం, రోడ్డు, ఆకాశం. ఆ తర్వాత నేను రోడ్డు పక్క మట్టిలో ఒక మోకాలి మీద కూర్చుని ఉన్నాను. గడ్డం గుండెకు గట్టిగా ఆనుకుని ఉంది, ఎంత గట్టిగా అంటే మెడ నొప్పి పుడుతోంది. బండి దూరంగా పడి చక్రం తిరుగుతోంది. నాకు జానెడు దూరంలో కిలోమీటరు రాయి ఉంది.

వెనక వస్తున్న లారీ ఆగింది. డ్రైవరు దిగి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమప్పా, తల తగిలిందా? యాడ తగిలింది?"

తడుముకున్నాను. మోచెయ్యి, భుజం మండుతున్నాయి. చొక్కా చినిగింది. తలకు మట్టి తప్ప ఏమీ లేదు.

"బంతి మాదిరి దొర్లినావు కదబ్బా!" అని అతను రాయి వైపు చూశాడు. బండి ఎత్తి ఇచ్చాడు. హ్యాండిలు కొంచెం వంకర పోయింది, స్టార్టయింది. మిగతా దారి అంతా సైకిలు పోయినంత మెల్లిగా పోయాను.

తిరుచానూరులో పూలంగళ్ళ వరస దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. ఆ జనం మధ్య, అక్కమ్మ పూలబుట్టల పక్కన, చిన్న ముక్కాలిపీట మీద మా అమ్మ కూర్చుని ఉంది. ఒడిలో దూది. ఎవరో అడిగినట్టున్నారు, అప్పటికప్పుడు ఒత్తులు చేసి ఇస్తోంది. విరిగిన చేత్తోనే. అక్కమ్మ ఏదో చెబుతుంటే నోరంతా తెరిచి నవ్వుతోంది. చాలా కాలంగా నేను ఆ నవ్వు చూడలేదు. చూసి అక్కడే నిలబడిపోయాను.

అక్కమ్మే ముందు నన్ను చూసింది. "గౌసమ్మా, నీ కొడుకు వచ్చినాడు సూడు. ఏందబ్బా, నీ మింద మామిడికాయల వాసన?"

అమ్మ తల ఎత్తింది. చినిగిన చొక్కా, మట్టి, పచ్చటి మరకలు అన్నీ చూసింది. నవ్వు ఆగిపోయింది.

"పడినావా?"

"పడినా మా."

"యాడ?"

"రోడ్డు మింద. మామిడికాయల్లో జారి."

అక్కమ్మకు నవ్వు ఆగలేదు, కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటోంది. అమ్మ నవ్వలేదు. దూది పక్కన పెట్టి, "సెయ్యి సూపించు" అంది. నా రెండు చేతులూ తీసుకుని తిప్పి చూసింది. మణికట్లు రెండూ నొక్కి చూసింది. అరచేతులు ఎర్రగా ఉన్నాయి, అంతే. తోలు పోయింది మోచేతి దగ్గర. తర్వాత నా తల వంచి, చిన్నపిల్లాడికి పేలు చూసినట్టు వేళ్ళతో తలంతా తడిమింది.

"బాగా పడినావు" అంది చివరకు. ఆ గొంతు కొట్టంలో కేకలు వేసే గొంతు కాదు.

నేను ఆమె పీట పక్కన నేల మీద కూలబడ్డాను. అక్కమ్మ కాఫీ తెప్పించింది. గుడి దగ్గర్నుంచి వచ్చేవాళ్ళు మమ్మల్ని దాటుకుంటూ పోతున్నారు.

"నువ్వు యాడన్నా పడినావా మా?" అని అడిగాను.

"నేనెందుకు పడతా? మెల్లిగా ఎక్కినా, మెల్లిగా దిగినా. ఆటోవాణ్ని గూడా మెల్లిగా పోనీమన్నా." దూది చేతిలోకి తీసుకుంటూ నా వైపు చూడకుండానే అడిగింది. "ఆ మేడంను ఎప్పుడు రమ్మంటావు?"

"రేపే రమ్మంటా."

"నువ్వు గూడా ఉండాల. నీకు కుడిపక్క ఇంకా సరింగా రాలేదు."

"ఉంటాలే మా."

అక్కమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "గౌసమ్మా, అదేందో నాకూ సెప్పుమా. మా యింటి మెట్లు నున్నగా ఉండాయి. దిగినప్పుడల్లా నాకు గుండె గబగబా అంటాది."

"వడమాలపేటకు రా. బస్సు ఫ్రీనే కదా."

పొద్దు వాలాక బయల్దేరదామన్నాను. బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్తానన్నాను. అమ్మ బండిని, దాని వంకర హ్యాండిలును చూసింది.

"నీ బండి నేనెక్కను. నువ్వు పడతా ఉండావు. నేను బస్సుకే వస్తా."

అక్కమ్మ మల్లెపూలు, కొన్ని కనకాంబరాలు తామరాకులో చుట్టి, సంచిలో పెట్టి ఇచ్చింది. అమ్మను క్రాసు దాకా ఆటోలో పంపించి, నేను బండి మీద వెనకే పోయి, ఆమె పుత్తూరు బస్సు ఎక్కేదాకా దూరంగా నిలబడ్డాను. ఎక్కేటప్పుడు ఆమె ముందు కమ్మీ పట్టుకుంది, తర్వాత కాలు పెట్టింది, తర్వాత రెండోది. వెనకవాళ్ళు తొందరపెడితే తల తిప్పి ఏదో అంది, వాళ్ళు తగ్గారు. బస్సు వెనకే నేను బండి మీద వచ్చాను. మలుపు దగ్గర రోడ్డు మీద ఎవరో మట్టి చల్లారు. కాయలు ఏరుకునే పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు.

వడమాలపేటలో బస్సు మా అంగడి వైపే ఆగింది. గుల్నాజ్, సుహానా వాకిట్లో నిలబడి ఉన్నారు. నేను బస్సు వెనక కొంచెం దూరంలో, రోడ్డు వారగా బండి ఆపాను. అలవాటుగా కాలు కదిలింది, బస్సు దగ్గరికి పరుగెత్తడానికి. కదిలిన కాలు మళ్ళీ నేల మీదే పెట్టుకున్నాను.

బస్సు తలుపు దగ్గర అమ్మ కనిపించింది. కండక్టరు కుర్రాడు మంచివాడు, కింద నిలబడి చెయ్యి చాచాడు.

"పట్టుకో అవ్వా, మెట్టు ఎత్తుగా ఉండాది."

అమ్మ ఆ చేతిలో పూలసంచి పెట్టింది. "సెయ్యి వద్దులే నాయనా. దీన్ని రవంత పట్టుకో" అని, కమ్మీ పట్టుకుని తనకు తానే దిగింది.